రైఫిల్ షూటింగ్: పది మీటర్ల నుంచి వెయ్యి గజాల దాకా, చేరే ముందు తెలుసుకోవాల్సినవి

పిల్లవాడు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంటే చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట "తుపాకీ గొడవ మనకెందుకు బేటా?" అన్నదే. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అయితే క్రీడగా షూటింగ్‌కు దారి వేరు, చట్టం వేరు, పద్ధతి వేరు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. వినికిడి లోపం ఉన్న హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో అదే ఈవెంట్‌లో స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం సాధించాడు. ఆ ఈవెంట్‌లో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం.

గురి పెట్టి కొట్టడం ముస్లిం కుటుంబాలకు కొత్త విద్యేమీ కాదు. విలువిద్య సాధన చేస్తున్నవారిని దైవప్రవక్త (స) ప్రోత్సహించిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. బాణాలు పట్టుకుని మస్జిద్‌లోకి వచ్చేవారు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను పట్టుకోవాలని, సోదరుడి వైపు ఆయుధం చూపరాదని, ప్రాణమున్న జీవిని గురిగా నిలబెట్టరాదని చెప్పే హదీసులు కూడా ఉన్నాయి. ఇవాళ ఏ షూటింగ్ రేంజ్‌కు వెళ్లినా మొదటి రోజు చెప్పే పాఠం దాదాపు ఇదే.

ఏ దూరం, ఏ పోటీ

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను గాలి ఒత్తిడితో వదులుతారు. నిలబడి 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. టార్గెట్ మధ్యలో పదికి గుర్తు అర మిల్లీమీటరు చుక్క. అంటే పెల్లెట్ కన్నా గురే చిన్నది. దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి ఒక్క షాట్‌కు అత్యధికం 10.9, మొత్తం 654.

50 మీటర్లలో పాయింట్ టూటూ రైఫిల్ వాడతారు. మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి, ఇలా మూడు భంగిమల్లో కొట్టాలి. ఇక్కడ పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. పడుకుని మాత్రమే కొట్టే 50 మీటర్ల ప్రోన్ ఈవెంట్‌ను 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ప్రపంచ స్థాయిలో 300 మీటర్ల పోటీలు కూడా ఉన్నాయి గానీ ఒలింపిక్స్‌లో అవి చివరిగా జరిగింది 1972లో.

అసలైన లాంగ్ రేంజ్ అంటే ఫుల్‌బోర్ టార్గెట్ రైఫిల్. దూరాలు 300 గజాల నుంచి 1000 గజాల దాకా. షూటర్ పడుకుని, భుజానికి స్లింగ్ బిగించుకుని, టెలిస్కోప్ లేకుండా చిన్న రంధ్రంలోంచి చూసి కొడతాడు. ప్రతి షాట్ తర్వాత గుంతలో ఉన్న మార్కర్లు టార్గెట్‌ను కిందకు దించి, తూటా తగిలినచోట గుర్తు పెట్టి మళ్లీ పైకి లేపుతారు. టెలిస్కోప్, ముందు ఊతకర్రలు వాడుకోనిచ్చే ఎఫ్-క్లాస్ అనే రకం కెనడాలో పుట్టింది. ఇంగ్లండ్‌లోని బిస్లీ 1890 నుంచి ఈ క్రీడకు పెద్ద కేంద్రం. అక్కడ జట్లు పోటీపడే కొలాపూర్ కప్ 1871లో కొల్హాపూర్ రాజు బహూకరించింది. స్వప్నిల్ కుసాలేదీ ఆ కొల్హాపూర్ జిల్లాయే కావడం విశేషం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఫుల్‌బోర్ పోటీలు గుర్గావ్ దగ్గర కాదర్‌పూర్‌లోని సీఆర్పీఎఫ్ రేంజ్‌లో జరిగాయి.

మన దగ్గర 300 మీటర్లు, ఆపై దూరాల రేంజ్‌లు ఎక్కువగా సైన్యం, పారామిలిటరీ దళాల చేతుల్లోనే ఉంటాయి. మామూలు కుటుంబం నుంచి వచ్చే పిల్లలకు తెరిచి ఉన్న తలుపు 10 మీటర్లు, ఆ తర్వాత 50 మీటర్లు. అలాగని అది తక్కువ రకం దారేమీ కాదు. వెయ్యి గజాల దగ్గర పనికొచ్చే శరీర నిలకడ, ట్రిగ్గర్ మీద వేలి అదుపు పది మీటర్ల హాల్లోనే వస్తాయి. అక్కడ నేర్వనిది దూరం పెరిగాక అస్సలు రాదు.

దూరం పెరిగితే గాలే ప్రత్యర్థి

పది మీటర్ల పోటీ హాల్ లోపల జరుగుతుంది కాబట్టి గాలి సమస్య లేదు. 50 మీటర్లకు వచ్చేసరికి లెక్క మారుతుంది. పక్క నుంచి గంటకు 16 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే పాయింట్ టూటూ తూటా సుమారు రెండున్నర సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. నడి పదిలో పడాల్సింది ఏడులో పడుతుంది. అదే గాలికి వెయ్యి గజాల దగ్గర ఫుల్‌బోర్ తూటా రెండు మీటర్లకు పైనే కొట్టుకుపోతుంది. అది టార్గెట్ చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుంది మరి.

అందుకే లాంగ్ రేంజ్ షూటర్ టార్గెట్ కన్నా జెండాలనే ఎక్కువ చూస్తాడు. రేంజ్ పొడవునా కట్టిన జెండాలు ఎటు ఊగుతున్నాయో, స్పాటింగ్ స్కోప్‌లో వేడి గాలి అలలు ఎటు పారుతున్నాయో గమనిస్తాడు. మే నెలలో తార్రోడ్డు మీద నీళ్లలా మెరిసే ఎండమావి ఉంటుందే, అదే ఇక్కడ గాలి చిరునామా చెబుతుంది. దాన్ని బట్టి సైట్‌ను క్లిక్కుల్లో తిప్పుకోవాలి. ఈ లెక్కకు మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కొలత వాడతారు: వంద మీటర్ల దగ్గర ఒక మినిట్ అంటే దాదాపు 2.9 సెంటీమీటర్లు, 300 మీటర్ల దగ్గర దానికి మూడింతలు. లెక్కలంటే ఇష్టమున్న పిల్లలు ఈ ఆటలో తొందరగా కుదురుకోవడం చూస్తుంటాం.

మొదటి ఆరు నెలలు

కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారాల్లో పెల్లెట్లు పెద్దగా ఖర్చు కావు. సాధన అంతా రైఫిల్ పట్టుకుని నిలబడటమే. నియమాల ప్రకారం ఎయిర్ రైఫిల్ బరువు ఐదున్నర కిలోల వరకు ఉండొచ్చు. దాన్ని కండబలంతో మోస్తే ఐదు నిమిషాల్లో చెయ్యి వణుకుతుంది. కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ మోచేతిని నడుము ఎముక మీద ఆనించి, బరువును ఎముకల మీదుగా పాదాలకు దింపాలి. కండలకు పని ఎంత తగ్గితే నిలకడ అంత పెరుగుతుంది.

తర్వాతి పాఠం సహజ గురి. రైఫిల్ ఎత్తి, టార్గెట్ వైపు పెట్టి, కళ్లు మూసుకుని రెండు శ్వాసలు తీసి కళ్లు తెరవాలి. గురి పక్కకు పోయి ఉంటే చేతులతో లాగి తెచ్చుకోకూడదు, పాదాలు జరుపుకోవాలి. చేతులతో లాగి కొట్టిన షాట్ ఒకటి పదిలో పడొచ్చు, అరవై షాట్లు పడవు.

ట్రిగ్గర్‌ను గుంజకూడదు, మెల్లగా ఒత్తిడి పెంచాలి. షాట్ పోయాక కూడా ఒకటి రెండు సెకన్లు అలాగే ఉండాలి. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ వేగం సెకనుకు 170 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అది గొట్టం దాటేలోపు శరీరం కదిలితే గురి తప్పుతుంది. తలెత్తి "ఎంత పడింది?" అని వెంటనే చూసే అలవాటు మాన్పించడానికి కోచ్‌లు నానా తంటాలు పడతారు.

పెల్లెట్ లేకుండా చేసే ఈ డ్రై ప్రాక్టీస్ ఇంట్లో కూడా చేసుకోవచ్చు. గోడ మీద చిన్న నల్ల చుక్క చాలు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకోవాలి, పెల్లెట్ల డబ్బా ఆ గదిలోనే ఉండకూడదు.

రంజాన్‌లో నీళ్లు తాగకపోవడం వల్ల నిలకడ తగ్గడం మామూలే. ఆ నెల సాధన ఉదయం పూటకు మార్చుకుని, సమయం తగ్గించుకుంటే సరిపోతుంది.

చట్టం ఏమంటుంది

తల్లిదండ్రులు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే. ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నిబంధనలు 2016 ఈ విషయాన్ని నడిపిస్తాయి. 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అవసరం లేదు. బోర్ గానీ శక్తి గానీ ఆ హద్దు దాటితే లైసెన్స్ కావాల్సిందే. కొనేటప్పుడు గుర్తింపు, చిరునామా పత్రాలు ఇచ్చి, డీలర్ దగ్గర బిల్లు, జౌళ్ల సంఖ్య రాసిన పత్రం తీసుకుని భద్రంగా దాచుకోవాలి. బిల్లు లేని సెకండ్ హ్యాండ్ రైఫిల్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

పాయింట్ టూటూ రైఫిల్ తుపాకీ కిందకే వస్తుంది. దానికి లైసెన్స్ ఇచ్చేది జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్స్ రాదు. అయితే శిక్షణ కోసం పెద్దల పర్యవేక్షణలో వాడేందుకు చట్టంలోనే వీలుంది. అందువల్ల చిన్నవాళ్లు క్లబ్బు రైఫిళ్లతో క్లబ్బులోనే సాధన చేస్తారు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పెళ్లి బరాత్‌లో సరదాగా తుపాకీ పేల్చడం 2019 సవరణ తర్వాత విడిగా నేరం. రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. షూటర్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఎయిర్ గన్‌తో పిట్టలను, చిలకలను కొడితే వన్యప్రాణి రక్షణ చట్టం మీదకు వస్తుంది. రైఫిల్ పట్టుకుని రీల్స్ చేయడం మన పిల్లలకు మరీ ప్రమాదం. అలాంటి వీడియోల మీద పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. క్రీడా పరికరమని చెప్పుకునే లోపే ఆ వీడియో ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. రైఫిల్‌ను కేసులో పెట్టి తాళం వేసే తీసుకెళ్లాలి, క్లబ్ ఐడీ కార్డు, బిల్లు జిరాక్స్ వెంట ఉంచుకోవాలి, దారిలో ఎక్కడా బయటికి తీయకూడదు.

ఖర్చు సంగతి

వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, స్టేయర్ వంటి విదేశీ మ్యాచ్ రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది. ప్రెసిహోల్ వంటి భారతీయ తయారీవి అంతకంటే బాగా తక్కువకు దొరుకుతాయి. కానీ మొదటి ఆరు నెలలు ఏదీ కొనకపోవడమే తెలివి. క్లబ్ రైఫిల్‌తో సాధన చేసి, పిల్లవాడు వారానికి నాలుగు రోజులు విసుక్కోకుండా వెళ్తున్నాడా లేదా చూశాకే డబ్బు సంగతి ఆలోచించాలి.

మొదట కొనాల్సింది రైఫిల్ కాదు, బూట్లు, జాకెట్, ప్యాంటు. మందపాటి కాన్వాస్, తోలుతో చేసిన ఈ దుస్తులు నడుముకు ఊతమిస్తాయి. ఎదిగే వయసు పిల్లలకు అవి ఏడాదికో రెండేళ్లకో బిగుతవుతాయి కాబట్టి క్లబ్బులో పెద్దపిల్లలు వదిలేసినవి అడిగి తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్ చూసేటప్పుడు గాలి సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీ తప్పక చూడాలి. సాధారణంగా దాని గడువు పదేళ్లు. గడువు దాటిన సిలిండర్‌ను పోటీలో అనుమతించరు, పైగా 200 బార్ ఒత్తిడి నింపే వస్తువు కాబట్టి అది ప్రమాదం కూడా.

పెల్లెట్లు సీసంతో చేసినవి. నోట్లో పెట్టుకోకూడదు, రేంజ్‌లో ఏమీ తినకూడదు, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అమ్మాయిలు, హిజాబ్

రైఫిల్ షూటింగ్‌లో అమ్మాయిలకు బలం తక్కువన్న మాటకు చోటు లేదు. 10 మీటర్లలో స్త్రీపురుషుల షాట్ల సంఖ్య, సమయం ఒక్కటే. హిజాబ్ కూడా అడ్డు కాదు. ఇరాన్ షూటర్ ఇలాహే అహ్మదీ తల కప్పుకునే 2012, 2016 ఒలింపిక్స్ రెండింటిలోనూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కు చేరి ఆరో స్థానంలో నిలిచింది. ఖతర్ ఎయిర్ రైఫిల్ షూటర్ బహియా అల్ హమద్ లండన్‌లో తన దేశ జెండా పట్టుకుని నడిచింది. ఒక్క జాగ్రత్త చాలు: బుగ్గ రైఫిల్‌కు ఆనేచోట గుడ్డ మడతలు రాకూడదు. సన్నటి, బిగుతుగా ఉండే స్పోర్ట్స్ స్కార్ఫ్ వాడితే బుగ్గ ప్రతిసారీ ఒకేచోట ఆనుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో ప్రభుత్వ షూటింగ్ రేంజ్ ఉంది. ప్రైవేటు అకాడమీలూ ఉన్నాయి. ఏ క్లబ్బైనా రాష్ట్ర రైఫిల్ సంఘం ద్వారా జాతీయ సంఘం ఎన్ఆర్ఏఐకి అనుబంధంగా ఉందా అన్నది మొదట అడగాలి. అది లేకపోతే ఎన్నేళ్లు నేర్చినా పోటీలకు దారి ఉండదు. జిల్లాల్లో ఉన్నవారికి, డబ్బు ఇబ్బంది ఉన్నవారికి ఎన్‌సీసీ మంచి మార్గం. క్యాడెట్లకు పాయింట్ టూటూ ఫైరింగ్ శిక్షణ అందులో భాగమే, రూపాయి ఖర్చు లేదు.

పోటీల మెట్లు ఇలా ఉంటాయి: రాష్ట్ర ఛాంపియన్‌షిప్, ఆ తర్వాత జీవీ మావలంకర్ పేరిట జరిగే అఖిల భారత పోటీ వంటి అర్హత పోటీలు, ఆపైన జాతీయ ఛాంపియన్‌షిప్. ఒక్కో మెట్టుకు కనీస అర్హత స్కోరు ఉంటుంది. అది మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏడాది సర్క్యులర్ చూసుకోవాలి. జాతీయ స్థాయిలో నిర్ణీత స్కోరు సాధించినవారికి ఇచ్చే రినౌన్డ్ షాట్ హోదాతో రైఫిల్, తూటాలు దిగుమతి చేసుకునే సౌకర్యం వస్తుంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు వెయ్యి గజాల రేంజ్‌లు అందుబాటులో ఉంటాయి గానీ చట్టం ఇంకోలా ఉంటుంది. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన క్లబ్బులో కనీసం మూడు నెలలు ప్రొబేషన్ సభ్యుడిగా ఉండి, ఆ తర్వాతే పోలీసుల నుంచి ఫైరార్మ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అమెరికాలో ఎఫ్-1, హెచ్-1బీ వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకుని పట్టుకున్నా చట్టం దాన్ని దగ్గర ఉంచుకున్నట్టే చూస్తుంది. దోస్తులు రమ్మన్నారని వీకెండ్‌కు వెళ్లే ముందు వీసా లాయర్‌ను ఒక్కసారి అడగాలి.