క్రీడాకారుని మూర్తిమత్వం: కొలబద్ద ఎవరి చేతిలో?

క్రీడాకారుని విజయానికి మూలం అతని స్వభావంలో వున్నదా, పరిస్థితులలో వున్నదా అన్న ప్రశ్న పైకి శాస్త్రజ్ఞుల తగవులా కనబడుతుంది. కాని దాని చరిత్ర పరిశీలిస్తే, ఆటగాడికీ అతనిమీద పెత్తనం చేసేవారికీ గల సంబంధమే అందులో ప్రధానమని తేలుతుంది.

1925లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కోల్‌మన్ గ్రిఫిత్ క్రీడా పరిశోధనాలయం నెలకొల్పాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో, 1932లో, అది మూతపడింది. 1938లో ఆయనను తన బేస్‌బాల్ జట్టు షికాగో కబ్స్‌కోసం పనిలో పెట్టుకున్నవాడు చూయింగ్‌గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ. విశ్వవిద్యాలయంలో నిలవలేని శాస్త్రానికి యజమాని గడప ఆశ్రయమైంది.

1949లో రేమండ్ కాటెల్ మానవ స్వభావాన్ని 16 గుణాలుగా విడదీసి ప్రశ్నావళి ప్రకటించాడు. దాన్ని చేతబట్టుకొని ఎందరో పరిశోధకులు ఆటగాళ్లను కొలిచారు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే కళాశాల అధ్యాపకులు బ్రూస్ ఓగిల్వీ, థామస్ టుట్కో మరొక అడుగు ముందుకు వేశారు. ‘సమస్యాత్మక’ క్రీడాకారులతో ఎట్లా వ్యవహరించాలో శిక్షకులకు బోధిస్తూ 1966లో పుస్తకం రాశారు. తరువాత 190 ప్రశ్నల పరీక్ష తయారుచేశారు. అది కొలిచే 11 గుణాలలో పట్టుదల, దూకుడు, ఆత్మవిశ్వాసాలతోపాటు శిక్షకుని మాటకు ఒదిగివుండటం కూడా ఒకటి. ఇద్దరిమధ్య వుండే అధికార సంబంధం ఈవిధంగా ఒకరి లోపలి గుణమైపోయింది. ఎదురుచెప్పినవాడి వాదంలో న్యాయం వున్నదా అని పరీక్ష అడగదు, మార్కులు తగ్గిస్తుంది.

ఆ కళాశాలకు చెందిన పరుగువీరులే టామీ స్మిత్, జాన్ కార్లోస్. 1968 అక్టోబరు 16న మెక్సికో సిటీలో 200 మీటర్ల పతకాల వేదికమీద వారు తలవంచి, నల్లని తొడుగు వేసిన పిడికిళ్లు ఎత్తారు. జట్టునుంచి తొలగించి వారిని ఇంటికి పంపారు. ఆ పిడికిలిని ఏ గుణం కింద లెక్కగట్టాలి? దాని అర్థం అమెరికా నల్లజాతి ప్రజల పోరాటంలో వున్నది గాని ప్రశ్నావళిలో లేదు.

ప్రవర్తన అంటే వ్యక్తి, పరిసరాలు రెండింటి ఫలితమని కుర్ట్ లెవిన్ 1936లోనే సూత్రీకరించాడు. ఒక సందర్భంలో కనిపించిన గుణాన్నిబట్టి మరో సందర్భంలో నడవడిని ఊహించటం ఎంత కష్టమో 1968లో వాల్టర్ మిషెల్ చూపాడు. ఈ విమర్శను 1975లో రైనర్ మార్టెన్స్ క్రీడారంగానికి తెచ్చాడు.

ఓగిల్వీ, టుట్కోల నిజాయితీని కూడా మరవరాదు. ఆటలు శీలాన్ని నిర్మిస్తాయనటానికి తమకు ఆధారం దొరకలేదని 1971లో వారే రాశారు. పోటీ మనుషులను మలచదనీ, నిర్దాక్షిణ్యంగా ఏరుకుంటుందనీ వారు గ్రహించారు. అయితే ఏరేవారెవరు, ఏ ప్రయోజనానికి అన్న ప్రశ్న మిగిలేవున్నది.

మనిషికీ మనిషికీ తేడాలు లేవనటం భౌతికవాదం కాదు. ఆ తేడాలు ఏ పరిస్థితులలో పెరిగాయో, వాటిని కొలిచేవారికి వాటివల్ల ఒరిగేదేమిటో తేల్చటమే విమర్శకుని పని. విద్యార్థి చేతికి స్వభావపరీక్షల కాగితం ఇచ్చే ప్రతి ఉపాధ్యాయుడూ ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.