తోటకూరకు నిమ్మరసం తోడు



ఆ మధ్య కాప్రాలో ఒకరింటికి వెళ్లాను. కాప్రా ఇప్పుడు నగరంలో కలిసింది గాని, ఆ ఇంటి పెరట్లో తోటకూర మడి పచ్చగానే ఉంది. ఇంటి కోడలికి మాత్రం రక్తం తక్కువని డాక్టరమ్మ చెప్పిందట. “ఆకుకూర రోజూ తింటూనే ఉన్నాను గదన్నా!” అన్నది. ఆమె ఆకు ఉడికించి నీళ్లు పారబోసింది. నిమ్మరసం పోసి కూరను మళ్లీ పొయ్యిమీద పెట్టింది. లోపమంతా వంటదే అనను గాని, తిన్నది ఒంటబట్టే దారి కొంత అక్కడే మూసుకుపోయింది.

నిమ్మకాయ సంగతి ముందు ఓడల్లో తేలింది. 1747లో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు, చిగుళ్లు వాచి రక్తం కారే స్కర్వీ జబ్బుతో ఉన్న 12 మంది నావికులను ఆరు జంటలుగా విడదీసి, జంటకొక మందు ఇచ్చాడు. రోజూ నారింజలు, నిమ్మకాయ తిన్న జంట అందరికంటే ముందు తేరుకున్నది. అయితే రసం నిలవ ఉండాలని, దాన్ని కాచి చిక్కబరచమని ఆయనే సలహా ఇచ్చాడు. కాచిన రసంలో గుణం చాలావరకు పోయింది. ఆ గుణం సి విటమినుదని 1932లో తేలింది. అది వేడికి చెడుతుంది.

ఇక ఆకు కథలో మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచే దానికా పేరు వచ్చింది. రక్తం పట్టడానికి కావలసిన ఈ పదార్థం నీటిలో కరుగుతుంది. ఉడికిన నీళ్లతోపాటే కొంత పోతుంది.

కాప్రాకు దగ్గరలోనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా అది సులువుగా ఒంటబట్టదని, సి విటమిను తోడైతే మెరుగ్గా పడుతుందని శాస్త్రజ్ఞుల మాట.

కనుక ఇలా వండండి. రెండు కట్టల తోటకూర ముందు కడిగి, తరువాత తరగండి. కొద్ది నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి వేయించి, ఆకు వేసి మూత పెట్టండి. ఆకు తడితోనే మగ్గుతుంది. ఉప్పు వేసి దించి, వేడి కాస్త తగ్గాక అరచెక్క నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. అది ఇనుమును అడ్డుకుంటుంది. డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానవద్దు.

మడిలో పండించడం మనకు తెలుసు. పండిన గుణాన్ని కంచందాకా చేర్చడం కూడా సేద్యంలో భాగమే.