కృష్ణా–గోదావరీ తీరమైదానము: ప్రాచీన భ్రంశముల చరిత్ర

ఒంగోలు మొదలుకొని కాకినాడ వరకు తూర్పుకనుమలకును బంగాళాఖాతమునకును నడుమ పరచుకొనియున్న పల్లపునేల కృష్ణా–గోదావరీ తీరమైదానము. వరిచేలును కాలువగట్లును తాటితోపులును తప్ప మెరకపల్లములు అంతగా కానరాని ఈ నేలను చూచినవారికి దీని యడుగున కొండలును లోయలును గలవని తోచదు. అయినను ఒండ్రుపొరల క్రింద తీరమునకు సమాంతరముగా, ఈశాన్యమునుండి నైరృతికి సాగిన కఠినశిలల గట్టులును, వాని మధ్య వేలకొలది అడుగులు క్రుంగిన లోతులును వరుసగా నున్నవి. వీనికి మూలము ప్రాచీన భ్రంశములు.

భూపటలము లాగుడుకో ఒత్తిడికో లోనై పగిలి, ఆ పగులు వెంబడి ఒకవైపు శిల రెండవవైపు శిలను ఒరసికొనుచు జరుగుటను భ్రంశమందురు. రెండు భ్రంశముల నడుమ క్రుంగిన భాగము పగులులోయ. క్రుంగక నిలిచినది హార్స్టు.

ఈ ప్రాంతమున తొలి పగులు నేటి తీరముతో సంబంధము లేనిది. సుమారు 28 కోట్ల సంవత్సరములకు పూర్వము, భారతభూమి ఇంకను గోండ్వానా మహాఖండమున అంతర్భాగమై యున్నప్పుడు, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ప్రాణహిత–గోదావరీ పగులులోయ క్రుంగనారంభించెను. అందు నదులు తెచ్చి నింపిన ఇసుక క్రింద పూడిన వృక్షావశేషములు కాలక్రమమున సింగరేణి బొగ్గుపొరలైనవి. ఆ నాటి నిక్షేపములు మండపేట ప్రాంతమున డెల్టా క్రిందను లభించుటచే, ఆ లోయ నేటి సముద్రతీరపు దిక్కునకు సాగియుండెనని తేలినది. సిరొంచ మొదలు భద్రాచలము వరకు గోదావరి నేటికిని పెక్కుభాగము ఆ పాతబాటనే అనుసరించుచున్నది.

రెండవ ఘట్టము దాదాపు 13 కోట్ల సంవత్సరముల నాటిది. అంటార్కిటికానుండి భారతదేశము విడివడుచుండగా భూపటలము సాగి, పాతలోయకు దాదాపు అడ్డముగా క్రొత్త భ్రంశములు పుట్టినవి. బాపట్ల, తణుకు, కాజ–కైకలూరు హార్స్టులును, గుడివాడ, బంటుమిల్లి పగులులోయలును ఈ కాలపు సృష్టియే. క్రుంగిన భాగములలోనికి సముద్రము చొచ్చివచ్చెననుటకు రాఘవాపురపు షేలు పొరలలో దొరకు అమ్మోనైటు శిలాజములు సాక్ష్యము. గొల్లపల్లి, రాఘవాపురము, తిరుపతి అను శిలావిభాగములను 1880లో వర్ణించినవాడు భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు. ఇందు తిరుపతి యనగా ఏడుకొండల తిరుపతి కాదు, ద్వారకా తిరుమల. తెలియని పాఠకులు పొరబడుట సహజము. ఈ ప్రాంతమున లోతైన బావులు ఇంకను త్రవ్వని కాలమున, మెట్టభూములలో పైకి కనబడు రాళ్లనే ఓపికతో పరిశీలించి ఆయన నిలిపిన క్రమము నేటికిని గౌరవింపదగినది.

సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను లావా ఇంతదూరము ప్రవహించి వచ్చెను. పంగిడివద్దను కాటేరువద్దను నేలపైననే కానవచ్చు బసాల్టు, రాజోలువద్ద లోతైన బావులలో మాత్రమే తగులుచున్నది. ఒకే కాలపు లావా ఒకచోట గుట్టయై, మరియొకచోట పాతాళమున నుండుటకంటె, అటుపిమ్మట తీరపుభాగము ఎంత క్రుంగినదో తెలుపు నిదర్శన మేమి కావలెను? ఆ క్రుంగుటకు నదులు తెచ్చిన మట్టి బరువును తోడైనది. మత్స్యపురి–పాలకొల్లు భ్రంశమునకు సముద్రపువైపున పొరలు ఒక్కసారిగా దళమగును. ఏలయనగా మట్టి చేరినకొలది నేల జారెను, నేల జారినకొలది మరింత మట్టి చేరుటకు తావు కలిగెను.

ఈ మరుగుపడిన నిర్మాణము నేటి భూస్వరూపమును ఎంతవరకు శాసించుచున్నది? కొల్లేటి సరస్సును కేవలము భ్రంశకృతమనుట తొందరపాటగును. రెండు నదులును ఒండ్రుతో తమ డెల్టాలను సముద్రములోనికి పెంచుకొనిపోగా వాని నడుమ పూడక మిగిలిన పల్లమది. అయినను అడుగున క్రుంగు నేల యుండుటచేతనే ఇంత ఒండ్రు నిలిచి ఇంత విశాలమైన డెల్టాలు సాధ్యమైనవనుట నిస్సందేహము. భ్రంశములు ఆధారమును కల్పించినవి. పైరూపమును దిద్దినవి నదులును సముద్రమును.

ఈ లోతుల పటము స్పష్టపడినది చమురు అన్వేషణవలన. 1978లో నరసాపురము బావిలో సహజవాయువు పడెను. 1987లో తీరమునకు ఆవల రవ్వ క్షేత్రము బయల్పడెను. హార్స్టుల అంచులయందును భ్రంశముల ప్రక్కలను చమురు, వాయువు చిక్కుకొనియుండుటచే, కోట్ల ఏండ్లనాటి పగుళ్లు ఆర్థికచరిత్రలోనికిని ప్రవేశించినవి.

పాతవని వీనిని మృతములనుకొనరాదు. 1967 మార్చి 27న ఒంగోలువద్ద 5.4 పరిమాణముగల భూకంపమును, 1969 ఏప్రిల్ 13న భద్రాచలమువద్ద 5.7 పరిమాణముగల భూకంపమును సంభవించెను. మెత్తని ఒండ్రునేల గట్టిరాతికంటె మిక్కిలిగా కదలును. కావున ఈ మైదానమున అంతస్తుల కట్టడములకు పూనుకొనువారు తమ పునాది క్రింద ఒండ్రు ఎంత లోతున్నదో ముందుగా పరీక్షింపించుకొనవలెను.