విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి మిడిల్‌వేర్: ప్రాంగణం దాటినా చెల్లే గుర్తింపు

పత్తికొండ: కేబులు, కంప్యూటరు ఉన్నంత మాత్రాన పరిశోధన పత్రిక చదువరి చేతికి అందదు. అడుగుతున్న వారెవరు, ఏ విద్యాసంస్థకు చెందినవారు అనే ప్రశ్నకు నమ్మదగిన సమాధానం కావలసియున్నది. నెట్‌వర్కుకూ, దానిపై నడిచే సేవలకూ నడుమ ఉండి ఆ సమాధానాన్ని చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను మిడిల్‌వేర్‌గా వ్యవహరిస్తారు. 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన పత్తికొండ వంటి మెట్ట ప్రాంతాల విద్యార్థులకు దీని అవసరం నగర విద్యార్థుల కంటె ఎక్కువేనని చెప్పవచ్చు.

కారణం సులభగ్రాహ్యం. ప్రచురణ సంస్థలు చాలాకాలంగా ప్రాంగణపు ఐ.పి. చిరునామాను చూసి పత్రికలను తెరుస్తున్నాయి. పత్తికొండ ప్రాంతం నుండి కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయానికో, అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికో వెళ్లిన పరిశోధక విద్యార్థి, వేరుశనగ కోతలకు స్వగ్రామం చేరితే ఆ ద్వారం మూసుకొనిపోతుంది. ఆతడు విద్యార్థి కాకుండా పోలేదు. చిరునామా మాత్రమే మారినది.

దేశంలో విద్యా నెట్‌వర్కులకు కొరత లేదు. 1986లో ఎర్నెట్, 1991లో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ప్రారంభమైనవి. 2010 మార్చిలో రూ.5,990 కోట్ల అంచనాతో జాతీయ విజ్ఞాన నెట్‌వర్కుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. తీగలు వచ్చిన తరువాత మిగిలిన సమస్య గుర్తింపుదే.

అమెరికాలో ఇంటర్నెట్2 సంస్థ 2000లో చేపట్టి 2003లో విడుదల చేసిన షిబ్బోలెత్ ఇందుకొక మార్గం చూపినది. హీబ్రూలో ఈ మాటకు ధాన్యపు కంకి అని అర్థం; పూర్వం దాని ఉచ్చారణను బట్టి తనవారిని, పరాయివారిని గుర్తించినట్లు బైబిలు కథ. ఈ విధానంలో పాఠకుడు పత్రిక పేజీలో తన సంస్థను ఎంచుకుంటాడు. సంకేతపదాన్ని తన సంస్థకే ఇస్తాడు. "ఇతడు మా పరిశోధకుడే" అన్న సంతకంతో కూడిన ధృవీకరణ మాత్రమే ప్రచురణకర్తకు చేరుతుంది. సంకేతపదం బయటకు పోదు, పేరు సైతం చెప్పనవసరం లేదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నెలకొల్పిన ఇన్‌ఫెడ్ సమాఖ్య ఇదే పద్ధతిపై పనిచేస్తున్నది. ఒకే ఒప్పందంపై పరస్పర విశ్వాసం ఏర్పడుటచేత ప్రతి విశ్వవిద్యాలయం ప్రతి ప్రచురణకర్తతో విడివిడిగా ఏర్పాట్లు చేసుకొనే శ్రమ తప్పుతుంది.

వైర్‌లెస్ సేవకు ఎడ్యురోమ్ ఉన్నది. 2002లో ఐరోపాలో ఆలోచనగా మొదలైన దీనిని భారతదేశంలో ఎర్నెట్ నిర్వహిస్తున్నది. అతిథి ప్రాంగణంలో అడిగిన అనుమతి రేడియస్ సర్వర్ల ద్వారా స్వసంస్థకు వెళ్లి తిరిగి వస్తుంది.

డిగ్రీ కళాశాలల కొరకు 2010లో ఎన్-లిస్ట్ ఆరంభమైనది. కళాశాల నమోదు చేసిన ప్రతి వ్యక్తికి వేరుగా లాగిన్ ఇచ్చుటచేత ఇంటి నుండియు చదువుకొనే వీలు కలిగినది. 2024 నవంబరు 25న కేంద్రం ఆమోదించిన "ఒకే దేశం-ఒకే చందా" పథకం 2025 నుండి మూడేండ్లకు రూ.6,000 కోట్లతో, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు దాదాపు 13,000 పత్రికలను అందించ సంకల్పించినది. సమన్వయ బాధ్యత ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే.

అయితే ధృవీకరణ ఇచ్చే సంస్థ వద్ద జాబితా సరిగా లేనిచో ఎంతటి చందా అయినా విద్యార్థికి చేరదు. కొత్తగా చేరినవారిని వెంటనే చేర్చుట, చదువు ముగించినవారిని తొలగించుట గ్రంథాలయ, కంప్యూటర్ విభాగాలు కలిసి చేయవలసిన పని. ఖర్చు స్వల్పమే, గానీ ఏటేటా విడువక చేయవలసినది. లాగిన్ అందని విద్యార్థులు తమ కళాశాల గ్రంథపాలకుని సంప్రదించవచ్చును.