కేసుషీటులో లేని పని: నర్సింగ్ తొలిపాఠం, మన చరిత్ర

దవాఖాన కేసుషీటు మీద పేరు, వయసు, ఊరు రాసినంక 'వృత్తి' అని ఒక గడి ఉంటుంది. పాత కరీంనగర్ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా బీడీలు చేసిన మా అమ్మ ఆయాసంతో ఒక దవాఖానలో చేరినప్పుడు ఆ గడిలో 'గృహిణి' అని రాశారు. మూడో రోజు, శిక్షణలో ఉన్న ఒక నర్సు పిల్ల బీపీ చూస్తూ "అమ్మా, ఇంట్ల ఏం పని చేస్తవు?" అని అడిగింది. "బీడీలు చేస్త బిడ్డా, పెండ్లి కాకముందు సంది" అన్నది అమ్మ. తంబాకు ఎక్కడ పెడతారు, ఆకు ఎక్కడ కత్తిరిస్తారు, పండుకునేది కూడా ఆ అర్రలోనేనా అని ఆ పిల్ల వరుసగా అడిగింది. వాళ్లమ్మ కూడా బీడీలే చేస్తదని తర్వాత తెలిసింది. ఆ ప్రశ్నలు ఆమెకు పుస్తకం నేర్పలేదు, ఇల్లు నేర్పింది.

ఆ గడి దగ్గరి నుంచే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాం. నర్సింగ్ విద్యార్థిని జబ్బులను వరుసగా చదివి, వార్డులో ఆ జబ్బున్న మనిషి ముందు నిలబడేది మెడికల్-సర్జికల్ నర్సింగ్ కోర్సుతోనే. ఇటీవల ఆ కోర్సును సవరించారు. పేరు మారింది, సెమిస్టర్లు వచ్చాయి. అయినా రెండు మౌనాలు అట్లాగే ఉన్నాయని మా వాదన. ఈ నేల మీద రోగి దేహాన్ని ముట్టుకున్న చేతులు ఎవరివో ఆ పాఠం చెప్పదు. మంచం మీది మనిషి ఏ పని చేసి ఆ మంచానికి చేరాడో అడగడాన్ని ఆ పాఠం అన్నిటికన్నా ముందు పెట్టదు. శ్రమను, శ్రమ చేసే కులాలను జ్ఞానానికి బయట నిలబెట్టే అలవాటు నుంచే ఈ రెండు మౌనాలూ పుట్టాయి.

పేరు మారిన పాఠం

మన దేశంలో డిగ్రీ స్థాయి నర్సింగ్ 1946లో ఢిల్లీలో, వెల్లూరులో మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. అప్పటి నుంచి దేశమంతటికీ పాఠ్యప్రణాళిక చట్రం ఢిల్లీలోనే తయారవుతోంది. 2021 దాకా బీఎస్సీ నర్సింగ్‌లో రెండో ఏట, మూడో ఏట మెడికల్-సర్జికల్ నర్సింగ్ ఒకటి, రెండు అని ఉండేవి. 2021లో గెజెట్‌లో వెలువడిన కొత్త ప్రణాళిక నాలుగేళ్లను ఎనిమిది సెమిస్టర్లు చేసింది. మూడో, నాలుగో సెమిస్టర్లలో 'అడల్ట్ హెల్త్ నర్సింగ్' అనే పేరు వచ్చింది. జబ్బు శరీరంలో ఎట్లా పుట్టి పెరుగుతుందో చెప్పే శాస్త్రాన్ని పాఠంలోనే కలిపారు. ముసలివాళ్ల సంరక్షణ, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సంరక్షణ చేర్చారు. ఇవి మంచి మార్పులే, కాదనడం లేదు. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాలలన్నిటికీ, కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా, చట్రం ఇదే.

ఈ కోర్సు మొదటి యూనిట్‌లో 'పరిణామం, ధోరణులు' అని ఒక అంశం ఉంది. అంటే చరిత్రకు చోటు ఉంది. మేము మాట్లాడిన విద్యార్థినులు ఆ చోటు ఎట్లా నిండుతుందో చెప్పారు: క్రిమియా యుద్ధం, నైటింగేల్ దీపం, 1860లో లండన్‌లో ఆమె పేరిట బడి, ఆ తర్వాత తిన్నగా గాయం మానే దశలు. కళాశాలల్లో ఎక్కువగా చదివే బ్రన్నర్, సుడార్త్‌ల పుస్తకం 1964లో అమెరికాలో తొలిసారి అచ్చయింది. గొప్ప పుస్తకమే. కాని అందులో రోగి అమెరికా దవాఖానలో పడుకున్న రోగి. వృత్తి వల్ల వచ్చే జబ్బులు మన సిలబస్‌లో చివరి యూనిట్లలో ఒకటి. పరీక్షలు దగ్గరపడ్డాక హడావుడిగా ముగిసే పాఠమని విద్యార్థినులే అన్నారు.

మంగలి కత్తి, మంత్రసాని చెయ్యి

'మెడికల్', 'సర్జికల్' అనే మాటలు రాకముందు మన ఊళ్లలో ఆ పనులు లేవా? కురుపు కోసింది మంగలి కత్తి. పురుడు పోసింది మంగలి, మాదిగ ఇండ్ల మంత్రసాని. బొడ్డుపేగు కోసి, మాయ పూడ్చి, బాలింతకు నీళ్లు పోసింది ఆమె. మైలబట్టలు ఉతికింది చాకలి. నెత్తురు, చీము, మలం, మాయ, అన్నీ 'మైల' అన్నారు గనుక వాటిని ముట్టుకునే పని కొన్ని కులాలకు అప్పజెప్పారు. అప్పజెప్పి ఆ చేతులనే అంటరానివి, తక్కువవి అన్నారు. బిడ్డను భూమ్మీద మొదట ముట్టుకున్న చెయ్యే, పురుటి దినాలు గడిచినంక ఆ ఇంటి కుండను ముట్టుకోరాదు. ఆ చేతి నేర్పుకు జ్ఞానమనే పేరు రాలేదు, కులవృత్తి అనే పేరే మిగిలింది.

మేము ఆ నేర్పుకు దండ వేసి పూజించమనడం లేదు. శుభ్రంలేని కొడవలితో బొడ్డు కోస్తే పసిగుడ్డుకు ధనుర్వాతం వచ్చిన మాట నిజం. కాని ఆ స్త్రీలకు చదువు, సబ్బు, వేడినీళ్లు, జీతం అందకుండా చేసింది ఎవరు? తప్పు వాళ్ల చేతులకు అంటగట్టి, వాళ్లను ఆ స్థితిలో ఉంచిన వ్యవస్థను వదిలేయడం చరిత్ర కాదు.

1946 నాటి భోర్ కమిటీ నివేదిక దేశంలో సుమారు 7,000 మంది నర్సులే ఉన్నారని, అంటే 43,000 మందికి ఒక్కరని లెక్కగట్టింది. ఎందుకంత తక్కువ? జీతం తక్కువ, బతుకు కష్టం, ఇవి నిజమే. వీటికి తోడు పరాయి మనిషి ఒంటిని, మలమూత్రాలను ముట్టుకోవడం అగ్రకుల ఇంటి ఆడబిడ్డకు తగని పని అనే కట్టడి ఉంది. ఆ కట్టడిని ముందుగా దాటింది ఎక్కువగా క్రైస్తవ స్త్రీలు. తెలుగునేల మీద క్రైస్తవులంటే ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లే.

వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1880లలో కరీంనగర్‌కు వచ్చింది. బడి, గుడి, దవాఖాన వెంట తెచ్చింది. పొరుగున నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు వైద్యశాల మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ పేరు చరిత్రలో ఉంది, ఉండాల్సిందే. డబ్బిచ్చిన రాజా నర్సాగౌడ్ పేరూ ఉంది. రోజూ పుండ్లు కడిగి కట్టు కట్టిన డ్రెస్సర్ల, ఆయాల, వార్డు మనుషుల పేర్లు ఎక్కడ? కులం నుంచి తప్పించుకోవడానికి చేరిన చోట కూడా పైన తెల్ల డాక్టరమ్మ, నడుమ సిస్టరు, కింద మన అవ్వలు. మెట్లు మారాయి గాని కింది మెట్టు మీద మనుషులు మారలేదు.

ఇంకో చేదు నిజం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చలేదు. మన దగ్గర వారు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. నర్సింగ్‌ను మూడు తరాలుగా మోసిన కుటుంబం బిడ్డ ఈనాడు అదే నర్సింగ్ సీటుకు ఆ ఒక్క శాతం సందులోంచి రావాలి. 'పరిణామం, ధోరణులు' పాఠంలో ఈ సంగతి ఉండొద్దా?

దీపం పట్టుకున్న తల్లి కథ చెప్పేటప్పుడు సావిత్రిబాయి ఫూలే కథ కూడా చెప్పవచ్చు. 1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు ఆమె, కొడుకు యశ్వంత్ రోగులకు దవాఖాన నడిపారు. మహర్ వాడలోని ప్లేగు సోకిన పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి, ఆ జబ్బే సోకి మార్చి 10న ఆమె చనిపోయింది. అంటును ధిక్కరించి రోగిని ముట్టుకున్న చరిత్ర మనకూ ఉంది.

ఏ దేహం మంచం మీద ఉంది?

ఇక రెండో మౌనానికి వద్దాం. ఉత్తర తెలంగాణ వార్డులో పడుకున్నది 'అడల్ట్' అనే ఉత్త మనిషి కాదు, ఒక పని చేసి వచ్చిన మనిషి. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ దిక్కు బీడీలు చేసే స్త్రీకి తంబాకు దుమ్ము, వంగిన నడుము. సిరిసిల్లలో సాంచాల దగ్గర నూలు దుమ్ము, చెవులు దిబ్బడవేసే మోత. రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గుబాయిల్లో దుమ్ముతో గట్టిపడ్డ ఊపిరితిత్తులు. ఆదిలాబాద్ పత్తి చేలల్లో వీపు మీది డబ్బాతో మందు కొట్టిన కూలీ.

ఈ చివరి ఉదాహరణ దగ్గర కాస్త ఆగుదాం. చొంగ కారుతూ, చెమటలు పోస్తూ, కనుపాపలు సూదిమొనలంత అయి వచ్చిన మనిషిని చూడగానే వార్డులో మొదటి మాట 'మందు తాగిండు' అని వస్తుంది. తాగకపోయినా చర్మం గుండా, ఊపిరి గుండా ఆ విషం ఎక్కుతుంది. డాక్టరు అట్రోపిన్ ఇస్తున్నా, మందుతో తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు, వెంట్రుకలు సబ్బునీళ్లతో కడగకపోతే విషం ఎక్కుతూనే ఉంటుంది. గ్లవ్స్ లేకుండా కడిగితే ఆ విషం కడిగేవారికీ అంటుతుంది. 'పొద్దున ఏం పని చేసిండు?' అన్న ఒక్క ప్రశ్న ఇక్కడ ప్రాణం నిలబెట్టగలదు.

ఆ ప్రశ్న న్యాయానికీ అవసరమే. పని వల్ల వచ్చిన జబ్బుకు పరిహారం అనేది 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచీ ఉన్న మాట. పరిహారం అడగాలంటే పనికీ జబ్బుకూ సంబంధం చూపాలి. కేసుషీటు మీద 'కూలి' అనో 'గృహిణి' అనో రాసి ఉంటే ఏ కాంట్రాక్టరు, ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? నర్సు చేతిలోని పెన్ను సాక్ష్యం పుట్టిస్తుంది, లేకుంటే చెరిపేస్తుంది.

ఉట్నూరు, ఆసిఫాబాద్ దిక్కు గోండు గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఎర్రకణం కొడవలి ఆకారానికి వంగి నెత్తుటి దారులు మూసేస్తే ఎముకలు విరిగినంత నొప్పి వస్తుంది. బయటికి పుండు కనిపించదు గనుక 'నాటకం' అంటారు. ఆ పిల్లవాడు తన భాషలో ఏడుస్తాడు, వార్డులో ఆ భాష వచ్చినవాళ్లు ఉండరు. కేంద్రం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదిలాబాద్‌లో చదివే నర్సుకు ఇది 'రక్త వ్యాధులు' జాబితాలో ఒక పంక్తి మాత్రమే కాకూడదు.

చర్మం రంగు సంగతీ ఉంది. పడక పుండు మొదటి దశను 'ఎరుపు'తో గుర్తించమని నేర్చుకున్న పిల్ల నల్లని ఒంటి మీద ఆ ఎరుపును చూడలేదు. అక్కడ వేడిని, గట్టిదనాన్ని చేత్తో తాకి తెలుసుకోవాలి. రక్తహీనతను కనురెప్ప లోపల, నాలుక మీద, అరచేతిలో చూడాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కూడా తటస్థం కాదు. దాగి ఉన్న ఆక్సిజన్ లోటును ఆ మీటరు తెల్లవారికంటే నల్లజాతివారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పసిగట్టలేకపోయిందని 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. యంత్రాన్ని ఎవరి వేలు మీద సరిచూశారనేది కూడా చరిత్రే.

ఏం మార్చవచ్చు?

'సైన్సులోకి కులాన్ని తెస్తున్నారు' అని కొందరు అధ్యాపకులు అన్నారు. మేము తేవడం లేదు, అది ముందే ఉంది. వార్డులో బెడ్‌ప్యాన్ ఎవరు తీస్తున్నారో చూడండి. సంరక్షణ పనిలో 'శుభ్రమైన' భాగం సూదిమందుగా, చార్టుగా పైకి పోయింది. 'మైల' భాగం ఆయాలకు, కాంట్రాక్టు సఫాయి కార్మికులకు దిగింది. నిజానికి మలం రంగు, మూత్రం కొలత, తెమడలో నెత్తురు చూడడం రోగనిర్ధారణలో భాగం. దాన్ని ఏవగింపుకు వదిలేస్తే రోగికే నష్టం.

కళాశాల స్థాయిలో చేయగలిగిన పనులు ఉన్నాయి. ఢిల్లీ చట్రం మారేదాకా ఆగనక్కర లేదు. 'పరిణామం' పాఠంలో ప్రతి విద్యార్థిని తన ఊరి మంత్రసానినో, పాత డ్రెస్సరునో, ఆయానో కలిసి రెండు పేజీలు రాసుకు రావచ్చు. కొన్నేళ్లయితే అదే ఒక జిల్లా నర్సింగ్ చరిత్ర అవుతుంది. కేసు స్టడీ మొదటి పేజీలో 'వృత్తి' గడి కింద నాలుగు ప్రశ్నలు చేర్చవచ్చు: ఏం పని, ఎన్నేళ్లు, ఏ దుమ్ము లేక మందు తగులుతుంది, ఇల్లే పనిచోటా? శ్వాస జబ్బుల యూనిట్ చెప్పేటప్పుడే బీడీని, బొగ్గును, నూలును చెప్పవచ్చు. ఇక్కడి రోగులు నొప్పిని చెప్పే తెలుగు, ఉర్దూ, గోండి మాటల పట్టికను విద్యార్థినులతోనే చేయించవచ్చు. ఇంగ్లీషు సరిగ్గా రాదని వెనక బెంచీలో తల వంచుకునే పిల్లలే ఈ పనిలో ముందుంటారు. మొదటి తరం చదువరులుగా ఆ తల వంచుకోవడం ఏమిటో మాకు తెలుసు.

మా అమ్మ కేసుషీటు మీద ఆ నర్సు పిల్ల సిస్టరుతో చెప్పి 'గృహిణి' పక్కన 'బీడీ కార్మికురాలు' అని రాయించింది. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ 'గృహిణి' అనే వచ్చింది. ఒక్క పిల్ల మంచితనంతో అయ్యే పని కాదిది, పాఠంలోకి రావాల్సిన పని. నర్సింగ్ అధ్యాపకులు, విద్యార్థినులు, బీడీ, బొగ్గు కార్మిక సంఘాల మిత్రులు తమ అనుభవాలు, అభ్యంతరాలు రాయాలని కోరుతూ ఈ వ్యాసాన్ని చర్చకు పెడుతున్నాం.