సొంతింటి కల.. కాగితాల్లోనే బలం!
శివారులో స్థలం, ఇల్లు కొనే ముందు పరిశీలించవలసిన అంశాలు

మేడ్చల్: నగరంలో అద్దెలు భరించలేని మధ్యతరగతి కుటుంబాల చూపు కొన్నేళ్లుగా ఉత్తర శివారుపై నిలిచింది. 44వ నంబరు జాతీయ రహదారిపై మేడ్చల్, రాజీవ్ రహదారిపై శామీర్‌పేట, రెంటినీ కలుపుతూ బాహ్యవలయ రహదారి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కలెక్టరేట్ ప్రారంభమైంది. తుర్కపల్లిలోని జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేటలోని నల్సార్, బిట్స్ పిలానీ ప్రాంగణాలు ఈ ప్రాంతానికి గిరాకీ తెచ్చాయి. గిరాకీతో పాటే చిక్కులూ పెరిగాయి. జీవితకాలపు పొదుపును ఒక్క సంతకంతో అప్పగించే ముందు కొన్ని అంశాలను తప్పక పరిశీలించవలసి ఉంది.

భూమి ఎవరిది?
మొదట తేల్చుకోవలసింది యాజమాన్యం. సర్వే నంబరు ఆధారంగా పాత పహాణీలు, లింకు దస్తావేజులు, కనీసం 30 ఏళ్ల ఈసీ తీసుకోవాలి. వ్యవసాయ భూముల వివరాలకు 2020 నుంచి ధరణి ఉండగా, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదీ లేనిదీ చూడాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొంటే 1977 నాటి చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు.

ఇక్కడి అనుభవాలే ఇందుకు నిదర్శనం. దేవరయాంజాల్ సీతారామస్వామి ఆలయ భూములపై వివాదం ముదరగా 2021 మే నెలలో ప్రభుత్వం ఐఏఎస్ అధికారులతో విచారణ కమిటీని నియమించింది. జవహర్‌నగర్‌లో ప్రభుత్వ స్థలాలను నోటరీ కాగితాలపై కొన్న నిరుపేదలు ఏళ్లుగా పట్టాల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. నోటరీ కాగితం హక్కు పత్రం కాదు. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు కూడా హక్కును ఇవ్వవు.

లేఅవుటుకు అనుమతి ఉందా?
సర్పంచి సంతకంతో వేసిన పంచాయతీ లేఅవుట్లు శివారులో కొల్లలు. వాటికి సాంకేతిక అనుమతి ఉండదు. హెచ్‌ఎండీఏ పరిధిలో ఆ సంస్థ ఇచ్చిన ఎల్పీ నంబరు, తుది లేఅవుటు పత్రం ఉండాలి. స్థలంలో పదో వంతు ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు దఖలు పరచారా, రోడ్లు పత్రంలో చూపిన వెడల్పుతో ఉన్నాయా చూడాలి. అభివృద్ధి పనులు పూర్తయ్యేవరకు కొన్ని ప్లాట్లు హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటాయి. కొనబోయే ప్లాటు వాటిలో ఉంటే విడుదల పత్రం అడగాలి.

అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టు 26న నిలిపివేశారు. అప్పటికే రిజిస్టరైన వాటి క్రమబద్ధీకరణకు అదే నెల 31న 131వ నంబరు ఉత్తర్వు వెలువడింది. అందువల్ల పాత ప్లాటు కొనేవారు ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు ఏ దశలో ఉందో, రుసుము ఎవరు చెల్లించాలో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు. గుంటల లెక్కన అమ్మే ‘ఫాం ప్లాట్ల’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుంట అంటే 121 గజాలు. అది వ్యవసాయ భూమే తప్ప ఇంటి స్థలం కాదు.

చెరువు ఎంత దూరం?
తక్కువ ధరకు వస్తుందంటే నీటి దారిని గమనించాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల మేరకు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్ల వరకు కట్టడాలు నిషిద్ధం. 2020 అక్టోబరు వర్షాలకు ఫాక్స్‌సాగర్ పొంగి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ నీట మునిగింది. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా చెరువు హద్దుల్లోని కట్టడాలను కూల్చివేయడంతో కొనుగోలుదారుల్లో అప్రమత్తత పెరిగింది. వేసవిలో పొడిగా కనిపించే స్థలాన్ని వానాకాలంలో మరోసారి చూసి, ఊరి పెద్దలను వాకబు చేయాలి.

పరిసరాలు ఎలా ఉన్నాయి?
2013లో ఆమోదం పొందిన మాస్టర్‌ప్లాన్‌-2031లో ఆ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందో, పారిశ్రామిక, పరిరక్షణ జోన్‌లో ఉందో భూ వినియోగ ధ్రువపత్రం తెలుపుతుంది. జవహర్‌నగర్ డంపింగ్‌యార్డు చుట్టుపక్కల కొనేవారు గాలి వాసనను, బోరు నీటి నాణ్యతను పరీక్షించుకోవాలి. హకీంపేట, దుండిగల్ వైమానిక కేంద్రాల సమీపంలో భవనాల ఎత్తుపై ఆంక్షలుంటాయి. రేపు పై అంతస్తు వేయాలనుకునేవారికి ఇది ముఖ్యం.

రవాణా విషయంలో ఉన్నదాన్నే లెక్కించాలి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్-మేడ్చల్ ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. శామీర్‌పేట, మేడ్చల్ మెట్రో మార్గాలను 2025 జనవరిలో ప్రకటించారు. ప్రకటనకు, పట్టాలకు మధ్య ఏళ్లు గడవవచ్చు. బ్రోచర్లో రాసిన ‘పది నిమిషాల ప్రయాణాన్ని’ ఉదయం బడివేళ స్వయంగా వెళ్లి చూడాలి. రహదారి పక్క స్థలమైతే విస్తరణలో ఎంత పోతుందో విచారించాలి.

కట్టిన ఇల్లు కొంటే..
ఆమోదిత ప్లానుకు, కట్టిన అంతస్తులకు పొంతన ఉందో లేదో చూడాలి. అపార్ట్‌మెంటుకు నివాసయోగ్య పత్రం తప్పనిసరి. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన ప్రాజెక్టులకు రెరా నమోదు ఉండాలి. నమోదు లేకుండా ‘ప్రీలాంచ్’ పేరిట అమ్మడం చట్టవిరుద్ధం. రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి బయానా తీసుకోరాదు. అప్పగించిన అయిదేళ్లలోగా నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి.

బ్యాంకు రుణం మంజూరైందంటే హక్కు పక్కా అయినట్లు కాదు. అదనపు ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. 2021 జులై నుంచి స్టాంపు, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతానికి పెరిగాయి. ధరపై బేరానికి ముందే స్థానిక న్యాయవాదితో దస్తావేజులు చదివించి, లైసెన్సు కలిగిన సర్వేయరుతో హద్దులు కొలిపిస్తే కొద్ది వేల రూపాయలతో పోతుంది. ఆ పని మానుకుంటే పోయేది ఇల్లే.