ఎవరి ఆశాభంగం? - 1952 ఎన్నికలూ, ఆ తరువాతా

మన కళాశాలల్లో ఆధునికాంధ్ర సాహిత్య చరిత్ర చెప్పేటప్పుడు అభ్యుదయ కవిత్వ ఘట్టాన్ని వొక తేదీతో ముగించటం అలవాటయింది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ ఓడిపోయింది. దానితో సాహిత్యోద్యమం చల్లబడింది. ఆ స్తబ్ధతలోంచి పదేళ్ళకు దిగంబర కవులు లేచారు. విద్యార్థులు పరీక్షల్లో ఇదే రాస్తారు, మనం మార్కులు వేస్తాం. ఇందులో ఏ తేదీ తప్పు కాదు. నా పేచీ అల్లా తేదీల మధ్య అతికిన "దానితో" అన్న మాటతోనే. ప్రజలు మనల్ని తిరస్కరించారు, కాబట్టి కలం ఆగింది అనే వొక తీర్పు ఆ చిన్నమాటలో దాగి వున్నది. ప్రజలు నిజంగా తిరస్కరించారా? ఎంతమంది? ఎవర్ని? ఈ ప్రశ్నలు వేసుకోవాలంటే 1955 దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. మూడేళ్ళు వెనక్కి, స్వతంత్ర భారతదేశపు మొదటి సార్వత్రిక ఎన్నికలకు పోవాలి.

ఆ ఎన్నికలు 1951 అక్టోబరు 25న ప్రారంభమై 1952 ఫిబ్రవరిలో ముగిశాయి. వోటర్లు పదిహేడు కోట్ల పైమాట. అక్షరం రానివారే అత్యధికులు గనుక అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. కాడి మోసే ఎద్దుల జత కాంగ్రెసుది, కంకి కొడవలి కమ్యూనిస్టులది. లోక్‌సభలో 489 స్థానాలకు కాంగ్రెసుకు 364 వచ్చాయి. ఇది అఖండ విజయమని ఆనాడూ రాశారు, ఈనాడూ రాస్తున్నారు. కాని కాంగ్రెసుకు పడ్డ వోట్లు నూటికి 45. అంటే వోటు వేసినవారిలో సగానికి మించి కాంగ్రెసును కాదన్నారు. స్వరాజ్యం వచ్చి అయిదేళ్ళు నిండలేదు, గాంధీ చనిపోయి నాలుగేళ్ళు. జాతీయోద్యమపు తేజస్సు ఇంకా ఆరలేదు. అప్పుడే సగంమందికి పైగా మొహం తిప్పుకున్నారంటే అది చిన్న సంగతి కాదు. అయితే ఆ సగం వొకచోట లేదు, పది ముక్కలై వున్నది. సోషలిస్టు పార్టీకి నూటికి 10 పైచిలుకు వోట్లు వచ్చి కూడా 12 స్థానాలే దక్కాయి. కమ్యూనిస్టు పార్టీకి నూటికి మూడు పైచిలుకు వోట్లతో 16 స్థానాలు దక్కాయి. సోషలిస్టుల వోటు దేశమంతటా చల్లిన విత్తనం, కమ్యూనిస్టుల వోటు నాలుగు మడులలో పోసిన నారు. ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. మనకు ఆనాడు మేలు చేసిన సూత్రమే మూడేళ్ళలో మన మెడకు చుట్టుకున్నది.

ఆ మడులలో ముఖ్యమైనవి రెండు మన తెలుగునాట వున్నాయి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా వున్న ఆంధ్రప్రాంతం వొకటి, హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ రెండవది. రెంటినీ కలిపి "1952లో తెలుగు ప్రజలు ఎర్రజెండాకు పట్టం కట్టారు" అని మన ఉపన్యాసకులు చెప్పటం పరిపాటి. నా అభిప్రాయంలో అవి రెండు వేరువేరు జాతుల వోట్లు.

ముందు ఆంధ్రప్రాంతం సంగతి. 375 స్థానాలున్న మద్రాసు శాసనసభలో కాంగ్రెసు 152కు దిగజారింది. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా స్వయంగా ఓడిపోయాడు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి తన బావ అయిన నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. తెలుగు జిల్లాల 140 స్థానాల్లో కాంగ్రెసుకూ కమ్యూనిస్టులకూ చెరొక నలభై, అటూఇటూగా వచ్చాయి. ఈ కోపం ఎక్కడిది? తిండిగింజల కరువు, రేషను, రైతు గాదె దగ్గరికి వచ్చి ధాన్యం కొలిపించుకుపోయే లెవీ, కంట్రోళ్ళ చాటున నల్లబజారు. రాయలసీమలో వానలు లేవు. ఆంధ్రరాష్ట్రం ఇస్తామని చెప్పి ఇవ్వని ఢిల్లీ. 1951లో స్వామి సీతారాం 35 రోజులు నిరాహారదీక్ష చేసినా కదలని ప్రభుత్వం. 1949లో కృష్ణాజిల్లా కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో మలబారు పోలీసులు మగవాళ్ళను వివస్త్రులను చేసి ఊరేగించిన అవమానం ఆ జిల్లావాళ్ళ గుండెల్లో ఇంకా మండుతూనే వున్నది.

కాని కోపం వొక్కటే స్థానాలను ఇవ్వదు. పాలకవర్గం తనలో తాను చీలింది. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి సంజీవరెడ్డితో పోటీచేసి ఓడిన రంగా బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టాడు. ప్రకాశం కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరాడు. ఒకే ఇంటివాళ్ళు మూడు వాకిళ్ళు పెట్టుకున్నారు. వోటరుకు కాంగ్రెసు మీద విసుగు పుట్టింది, ఆ విసుగును పంచుకోవటానికి ముగ్గురు నలుగురు నిలబడ్డారు. వాళ్ళలో గట్టి పునాది వున్నచోట్ల కమ్యూనిస్టులు గెలిచారు. నిజానికి ఆ ఏడు పార్టీ అన్ని స్థానాల్లోనూ నిలబడలేదు. తమకు బలమున్న చోట్లనే అభ్యర్థులను పెట్టింది. తెలుగు జిల్లాల మొత్తం వోట్లలో దానికి వచ్చింది అయిదో వంతుకు కాస్త పైన. అయిదో వంతు వోట్లతో మూడో వంతుకు దగ్గరగా స్థానాలు! ఇందులో పోరాటఫలం కొంత, రంగా, ప్రకాశం చీల్చి ఇచ్చినది కొంత. ఏది ఎంతో ఆనాడు ఎవరూ తూచలేదు. గెలుపులో తక్కెడ ఎవరికి జ్ఞాపకం వుంటుంది?

తెలంగాణ కథ వేరు. అక్కడ 1951 అక్టోబరు 21న సాయుధపోరాటం విరమించారు. వోటు వచ్చేసరికి నాయకులు చాలామంది జైళ్ళలోనో అజ్ఞాతంలోనో వున్నారు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీమీద నిషేధం తొలగలేదు గనుక ప్రజాతంత్ర కూటమి, అంటే పీడీఎఫ్, పేరుతో పోటీచేశారు. 175 స్థానాల్లో కాంగ్రెసుకు 93, పీడీఎఫ్‌కు 42. నల్గొండ పార్లమెంటు స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 వోట్లు వచ్చాయి. ప్రధాని నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో వచ్చినవి రెండు లక్షల 33 వేల చిల్లర. ఈ పోలికను చెప్పని వామపక్ష ఉపన్యాసకుడు లేడు. రెండూ ద్విసభ్య నియోజకవర్గాలే గనుక పోలిక అన్యాయమైనదేమీ కాదు. కాని దీని అసలు విలువ నెహ్రూను మించటంలో లేదు. వెట్టి చేసినవాడు, దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకు నడిచినవాడు, రజాకార్ల దాడినీ ఆ తరువాత సైన్యం దాడినీ చూసినవాడు, తన దగ్గర వున్న వొకే వొక కాగితాన్ని తెలిసి వేసిన వోటు అది. అది కాంగ్రెసుమీద విసుగుతో వచ్చింది కాదు. కాంగ్రెసు వాళ్ళకు ఆశ ఎప్పుడు చూపింది గనుక, భంగమయ్యేందుకు?

ఇలా 1952లో మన పెట్టెల్లో పడ్డ వోట్లలో రెండు రకాలున్నాయి. వొకటి పోరాటంలో పుట్టిన నమ్మకపు వోటు, మరొకటి పాలకులమీద విసిగి మనదగ్గర తాత్కాలికంగా దాచుకున్న ఆశాభంగపు వోటు. రెంటికీ రంగు వొకటే. లెక్క పెట్టినప్పుడు తేడా తెలియదు.

మద్రాసులో తరువాత జరిగినది ఆశాభంగాన్ని మరింత పెంచవలసినదే. ప్రకాశం నాయకత్వాన కమ్యూనిస్టులతోసహా ప్రతిపక్షాలు సంయుక్త ప్రజాస్వామిక ఫ్రంటుగా ఏర్పడి ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నాయి. గవర్నరు ఎన్నికలలో పోటీయే చెయ్యని రాజాజీని శాసనమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశాడు. ప్రజాతీర్పును పక్కదారి పట్టించిన మొదటి గవర్నరు ఉదాహరణ మన ఎన్నికల చరిత్రలో మొదటి ఏడాదే దొరుకుతుంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణించాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది. రాష్ట్రం రావటంతో కోపానికి వున్న పెద్ద కారణం వొకటి తీరిపోయింది. ఆ సంగతి మనం సరిగా గమనించలేదు. నిన్నటిదాకా కమ్యూనిస్టుల పక్కన కూర్చున్న ప్రకాశం కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యాడు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో వొక్క వోటు తేడాతో ఆయన ప్రభుత్వం పడింది.

1955 ఫిబ్రవరి ఎన్నికల నాటికి మన శిబిరంలో మంత్రివర్గం మనదేనన్న ధీమా వున్నది. ఎదుటి శిబిరం 1952 పాఠాన్ని మనకన్న బాగా చదువుకున్నది. కాంగ్రెసు, రంగా పార్టీ, ప్రకాశం ప్రజాపార్టీ ఐక్యకూటమి కట్టి ప్రతి స్థానంలో కమ్యూనిస్టుకు ఎదురు వొక్కణ్ణే నిలిపాయి. మూడు వాకిళ్ళ ఇల్లు మళ్ళీ వొక వాకిలయింది. జనవరిలో ఆవడి కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజమని తీర్మానించి మన నినాదాన్నే అద్దెకు తీసుకున్నది. అదే నెలలో మాస్కో ప్రావ్దా పత్రిక నెహ్రూ ప్రభుత్వ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాస్తే కాంగ్రెసువాళ్ళు దాన్ని ఊరూరా పంచారు. మన కార్యకర్తలు జవాబు చెప్పలేక నీళ్ళు నమిలారు.

ఫలితం 196 స్థానాల్లో 15. కూటమికి 146. కాని కమ్యూనిస్టు పార్టీకి వచ్చిన వోట్లు నూటికి 31. తగ్గలేదు, పెరిగాయి! ఇక్కడ కొందరు మిత్రులు వెంటనే చప్పట్లు కొడతారు. తొందర వద్దు. ఈసారి పార్టీ అత్యధిక స్థానాల్లో పోటీ చేసింది, శాతం పెరగటంలో దాని పాలు పెద్దది. గెలిచామనుకుని సంతోషించటానికి ఈ అంకె పనికిరాదు. కాని ప్రజలు తిరస్కరించారనే మాటను కాదనటానికి సరిపోతుంది. పోలికకు 1957 కేరళను చూడండి. అక్కడ నూటికి 35 వోట్లతో 126 స్థానాల్లో 60 గెలిచి, అయిదుగురు స్వతంత్రుల మద్దతుతో నంబూద్రిపాద్ ప్రభుత్వం ఏర్పడింది. ఆంధ్రలో 31కి పరాజయం, కేరళలో 35కి ప్రపంచమంతా చెప్పుకున్న విజయం! ఆ నాలుగు మెట్ల మధ్య చరిత్ర వొకచోట పండగ చేసుకుంది, మరొకచోట దినం పెట్టింది. కేరళలో కాంగ్రెసు, ప్రజాసోషలిస్టులు విడివిడిగా నిలబడ్డారు, ఆంధ్రలో కూడి నిలబడ్డారు. వోటరు మనసుకన్న ఎదుటివాడి పొత్తు ఫలితాన్ని ఎక్కువ తేల్చింది.

అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్ 1956లో దీనికంతకూ కులమే మూలమని, కమ్మ రెడ్ల పోటీయే ఆంధ్ర కమ్యూనిజమని రాశాడు. మన వాళ్ళు దాన్ని సామ్రాజ్యవాద ప్రచారమని తోసిపారేశారు. తోసిపారెయ్యటం సులభమే. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నాయకత్వం ఏ ఇళ్ళలోంచి వచ్చిందో, మోతుబరి రైతు 1952లో ఎందుకు దగ్గరై 1955లో రంగా వెనక ఎందుకు పోయాడో, కూలివాడల్లో మనవాళ్ళు ఎంతసేపు కూచున్నారో పరిశీలించి జవాబు చెప్పివుంటే బాగుండేది. కులం వొక్కటే అనటం అబద్ధం. కులం లేనే లేదనటం అంతకన్న చేటు చేసింది.

ఇక రచయితలు. 1955లో శ్రీశ్రీ కమ్యూనిస్టుల పక్షాన ఊరూరా ప్రచారం చేశాడు. ఫలితాల తరువాత మనశ్శాంతి కోల్పోయి తీవ్రంగా అస్వస్థుడయ్యాడు. ఆ మహాకవి వేదనను ఎద్దేవా చేసినవారు ఆనాడు వున్నారు, వారిని వొదిలేద్దాం. నేను అడిగేది వేరు. వొక వ్యక్తి గుండె పగలటం సహజం. వొక సంఘం మొత్తం కలం పక్కన పెట్టటాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఇరవై ఏడు లక్షలమంది, దినపత్రికలు వద్దన్నా, మోతుబరి బెదిరించినా, ప్రధానమంత్రి స్వయంగా వచ్చి చెప్పినా కంకి కొడవలికి వోటు వేశారు. వాళ్ళు మనవైపే వున్నారు. వాళ్ళకోసం కథ రాయవలసినవాడు, పాట కట్టవలసినవాడు "ప్రజలు మోసం చేశారు" అని ఇంటికి పోయాడు. 1952లో ప్రజలకు పాలకులమీద ఆశాభంగం కలిగింది. 1955లో రచయితకు ప్రజలమీద ఆశాభంగం కలిగింది. మొదటిది చరిత్ర, రెండోది మధ్యతరగతి అలక. మన పాఠ్యపుస్తకం రెంటినీ కలిపి వొకే పేరాలో రాసింది. కాదు, అలకనే చరిత్రగా రాసింది.

ఆ పైన జరిగినది కూడా ఆ పేరాలో ఇమడదు. 1962లో, ఏడేళ్ళ కిందట ప్రజలు పాతిపెట్టారనుకున్న కమ్యూనిస్టు పార్టీ ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షంగా కూర్చున్నది. 1964లో పార్టీ చీలింది. 1967లో వొకరికి 11, మరొకరికి 9. చీలిక సిద్ధాంత కారణాలు ఇక్కడ నా విషయం కాదు, వాటిమీద మన పత్రికల్లో కావలసినన్ని పేజీలు ఖర్చయ్యాయి. 1952లో ఎదుటివాడి ఇల్లు చీలితే మనం లాభపడ్డాం. 1967లో మన ఇల్లు చీలితే వాడు లాభపడ్డాడు. లెక్క వొకటే, కుండలు తారుమారయ్యాయి.

నల్గొండ సంగతి చెప్పి ముగిస్తాను. కోస్తాలో ఆశాభంగపు వోటు 1955లో వచ్చిన దారినే పోయింది. నల్గొండ వోటు పోలేదు. 1957లో పీడీఎఫ్ తెలంగాణలో చాలాచోట్ల దెబ్బతిన్నా నల్గొండ దేవులపల్లి వెంకటేశ్వరరావును పార్లమెంటుకు పంపింది. 1962లో మళ్ళీ రావి నారాయణరెడ్డిని పంపింది. 1948 సైన్యం, జైళ్ళు, నిషేధం, పోరాట విరమణ, విరమణమీద నాయకుల తగవులు, ఇన్నిటిని తట్టుకున్న వోటు అది. 1967లో ఆ స్థానం కాంగ్రెసుకు పోయింది. ఆ అయిదేళ్ళలో నల్గొండ కూలివాడు ధనవంతుడు కాలేదు, కాంగ్రెసుమీద అతనికి కొత్త మోజు పుట్టే కారణమూ లేదు. అతని గడపకు వెళ్ళిన మనవాళ్ళు మాత్రం ఈసారి రెండు జట్లుగా వెళ్ళారు. ముందు వచ్చినవాడు వెనక రాబోయేవాణ్ణి ద్రోహి అన్నాడు, వెనక వచ్చినవాడు ముందుపోయినవాణ్ణి ద్రోహి అన్నాడు. ఆ కూలివాడు ఇద్దరి మాటా విన్నాడు.